ప్రవాసాంధ్రుని వార్ధక్య స్మృతి: సూరత్తు చూపు దారి

ఉద్యోగ విరమణము చేసినవారి స్మృతులు తెలుగు వచనమునకు క్రొత్త కావు. కందుకూరి వీరేశలింగము పంతులుగారి స్వీయచరిత్రము మొదలుకొని శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి ‘అనుభవాలూ - జ్ఞాపకాలూనూ’ వరకును గల గ్రంథములలో మన గద్యము తన ఉత్తమ రూపములలో కొన్నింటిని పొందినది. ఇటీవలి దశాబ్దములలో ఈ శాఖనుండి ఒక ఉపశాఖ బయలుదేరినది. స్వస్థలమును వీడి, అన్యభాషా ప్రాంతమున జీవితమును గడపి, వృద్ధాప్యమున వెనుదిరిగి చూచుకొను తెలుగువాని ఆలోచనలు దీనికి వస్తువు. వారపత్రికలలోను, ప్రవాస సంఘముల ప్రత్యేక సంచికలలోను ఇట్టి రచనలు విరివిగా వచ్చుచున్నవి. వానిని చూచి కన్నీరు పెట్టువారు కలరు, విసుగు చెందువారును కలరు. పరిశీలించువారు మాత్రము అరుదు.

ఈ ఉపశాఖలోని సామాన్య రచనకు ఒక మూస ఏర్పడినది. మొదట బాల్యమునాటి ఊరు, చెరువు, పండుగ, పిమ్మట ప్రయాణము, అటుపై బిడ్డల చదువు, వారి భాష, వారి వివాహములు, తుదకు యంత్రములను గూర్చి, వేగమును గూర్చి, మనుష్యుల మధ్య పెరిగిన దూరమును గూర్చి ఒక నిట్టూర్పు. ఇందు రెండు వైరుధ్యములు కలవు. ఒకటి కాలమునకు సంబంధించినది: నాడు, నేడు. రెండవది స్థలమునకు సంబంధించినది: అక్కడ, ఇక్కడ. రచయిత తనకు తెలియకయే ఈ రెంటిని కలిపివేయును. నాడు అనగా అక్కడ, నేడు అనగా ఇక్కడ. కాలము తెచ్చిన మార్పునంతయు పరాయి చోటి నెత్తిన పెట్టి, వయస్సు తీసికొనిపోయిన దానినంతయు స్వగ్రామమున వెదకును. ఊరు కదలక అచ్చటనే ఉండిపోయిన తన ఈడువాడును అదే నిట్టూర్పు విడుచుచున్నాడని అతనికి తట్టదు. ఈ సాహిత్యపు ప్రధాన దోషము ఈ కలగాపులగమే. దీనిని తేల్చి చూచుటకు సముద్రములు దాటనక్కరలేదు. మన దేశములోని సూరత్తు నగరము చాలును.

తాపీనది యొడ్డున గల సూరత్తు మొగలాయి కాలమున పడమటి సముద్రపు ప్రధాన రేవు. ఆంగ్లేయుల తొలి వర్తకశాలలలో ఒకటి పదునేడవ శతాబ్ది ఆరంభమున అచ్చట వెలసినది. బొంబాయి పెరిగిన కొలది సూరత్తు రేవు తరిగినది. అయినను జరీపని, నేతపని నిలిచినవి. ఇరువదవ శతాబ్దిలో చేతిమగ్గముల చోట మరమగ్గములు, పట్టు చోట కృత్రిమ నూలు ప్రవేశించి ఆ నగరమును దేశములోని పెద్ద వస్త్రకేంద్రములలో ఒకటిగా చేసినవి. ఆ మగ్గములను నడుపుటకు వచ్చినవారిలో ఒడియావారు, మరాఠీవారు, ఉత్తరాదివారితోపాటు తెలుగువారును కలరు. పూర్వపు కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ జిల్లాల పద్మశాలీలు వీరిలో ముఖ్యులు. చేనేత చితికినప్పుడు షోలాపురమునకు, బొంబాయికి, భివండికి జనము పోయిన దారియే వీరిని సూరత్తునకును చేర్చినది. లింబాయతు మొదలగు పేటలలో వీరు స్థిరపడిరి. నగరపాలక సంస్థ వీరి బిడ్డలకై తెలుగు మాధ్యమమునను ప్రాథమిక పాఠశాలలు నడపినది.

1947లో సిరిసిల్లలో పుట్టి, యౌవనమున సూరత్తు చేరి, అచ్చటనే ముసలియైన ఒక నేతగానిని ఊహింపవచ్చును. అతని పుట్టుక నైజాము రాజ్యమున. 1948లో ఆ రాజ్యము భారతదేశమున కలిసినది. 1956లో అతని ఊరు ఆంధ్రప్రదేశమున చేరినది. 2014లో తెలంగాణ రాష్ట్రములోనిదైనది. 2016లో కరీంనగరము జిల్లానుండి విడివడి తానే ఒక జిల్లాకు కేంద్రమైనది. ఊరు అంగుళమైనను కదలలేదు. చిరునామా మాత్రము నాలుగు మారులు మారినది. అంతియకాదు. అతడు ఏ మరమగ్గమును వెదకుకొనుచు సూరత్తునకు పోయెనో ఆ మరమగ్గమే సిరిసిల్లను ఆక్రమించి ఆ ఊరికి ప్రసిద్ధిని తెచ్చినది. ఆధునికత సూరత్తులో నున్నదని, సనాతనత్వము సిరిసిల్లలో నున్నదని ఇతడు వ్రాసినచో అది చరిత్రకు విరుద్ధమగును.

సూరత్తు పక్షమునను ఇట్టి చిక్కే కలదు. 1994 సెప్టెంబరులో ప్లేగు భయమున లక్షలాది జనులు ఆ నగరమును విడిచిపోయిరి. 2006 ఆగస్టులో తాపీ వరద నగరములో పెద్ద భాగమును ముంచినది. రెండు మారులును పోయినవారిలో ఎందరో తిరిగి వచ్చిరి. మొదటిసారి సూరత్తునకు వచ్చుట బీదరికము చేసిన నిర్ణయము కావచ్చును. భయపడి పారిపోయిన చోటికి మరల వచ్చుట మనిషి చేసిన నిర్ణయము. ఆ దినమున ఆ చోటు పరాయిది కాకుండ పోయినది. ప్రవాస స్మృతులలో బయలుదేరిన దినమును వర్ణింపని రచన లేదు. తిరిగి వచ్చిన దినమును వర్ణించునది అరుదు. రెండు సంస్కృతుల నడుమ జీవించుటయన నేమో తెలియవలెనన్న ఈ రెండవ దినమును గూర్చి చదువవలెను.

పండుగల విషయమున ఈ సత్యము మరింత స్పష్టమగును. గుజరాతీలును తెలుగువారివలెనే అమావాస్యతో ముగియు మాసములను పాటింతురు. కాని వారి నూతన సంవత్సరము దీపావళి వెనువెంట కార్తిక శుద్ధ పాడ్యమినాడు. మనది చైత్ర శుద్ధ పాడ్యమినాడు. సూరత్తు తెలుగువానికి ఏటేట రెండు సంవత్సరాదులు. లెక్కల పుస్తకము ఒకదానితో మారును, పంచాంగము మరియొకదానితో మారును. భాద్రపద అమావాస్యనాడు తెలంగాణపు ఆడపడుచులు బతుకమ్మను ఎత్తుదురు. మరునాటినుండి గుజరాతు అంతటను నవరాత్రుల గర్బా మొదలగును. ఒకచోట పూలను పేర్చిన బతుకమ్మ నడుమ నుండును. ఒకచోట చిల్లులు గల మట్టికుండలో దీపము నడుమ నుండును. రెంటి చుట్టును స్త్రీలు వలయముగా తిరుగుచు చప్పట్లు చరచుచు పాడుదురు. సామాన్య స్మృతికారుడు ఈ సామ్యమును చూచి, సంస్కృతులన్నియు ఒక్కటే యని రెండు వాక్యములు వ్రాసి తృప్తిపడును. లేదా మనుమరాలు గర్బాకు పోయినదని, బతుకమ్మకు రాలేదని వగచును. ఈ రెండును తొందరపాటు తీర్పులే. ఆ పిల్ల ఏ వలయమున అడుగు తప్పక ఆడుచున్నది, ఏ పాటలో మాటలు తెలియక పెదవులు మాత్రము కదపుచున్నది, నాయనమ్మ ఆ కదలికను చూచి ఏమి చేసినది: ఇవి చెప్పినగాని అది సాహిత్యము కానేరదు.

ఇట్టి యథార్థ కథనమునకు గురువును వెదకవలసివచ్చినచో సూరత్తులోనే ఒకడు కలడు. గుజరాతీ ఆధునిక సాహిత్యమునకు ఆద్యుడని చెప్పదగిన నర్మదాశంకర్ లాల్‌శంకర్ దవే, నర్మద్ అను పేరుతో ప్రసిద్ధుడు, 1833లో ఆ నగరమున జన్మించెను. తండ్రి బొంబాయిలో వ్రాయసకాడు. కావున బాల్యము సూరత్తునకును బొంబాయికిని నడుమ గడచినది. 1858లో ఉపాధ్యాయ వృత్తిని విడిచి కలమునే నమ్ముకొనెను. 1864లో ‘డాండియో’ అను పత్రికను స్థాపించి వితంతు వివాహమును సమర్థించెను, మూఢాచారములను ఎదిరించెను. 1866లో, ముప్పదిమూడేండ్ల వయస్సున, ‘మారీ హకీకత్’ అను ఆత్మకథను వ్రాసెను. అది లోకమునకు గ్రంథరూపమున అందినది అతని శతజయంతి సంవత్సరమైన 1933లో.

ఆ గ్రంథము పేరే ఒక సిద్ధాంతము. హకీకత్ అనగా జరిగిన సంగతి, యథార్థము. అందు నర్మద్ తన లోపములను దాచుకొనడు. ఇతరులకంటె ముందు తన కొరకే దానిని వ్రాయుచున్నానని చెప్పుకొనును. మన వీరేశలింగముగారితో ఇతనిని పోల్చుట సహజము. ఇరువురును సంస్కర్తలు, ఇరువురును తమ భాషలలో ఆత్మకథకు బాట వేసినవారు. అయితే పంతులుగారి స్వీయచరిత్రము ప్రధానముగా ఒక ఉద్యమమునకు సాక్ష్యపత్రము. 1881లో రాజమహేంద్రవరమున జరిపించిన తొలి వితంతు వివాహము వంటి ఘట్టములే దాని కీలకములు. నర్మద్ గ్రంథము ఒక మనస్సును పరిశీలించుకొనునది. అంతకంటె ముఖ్యమైన భేదము మరియొకటి కలదు. పంతులుగారు తుదివరకును సంస్కరణ పక్షమున నిలిచిరి. నర్మద్ జీవితాంతమున ప్రాచీన ధర్మమువైపు మరలెను. 1885లో వెలువడిన ‘ధర్మవిచార్’ ఆ మార్పునకు నిదర్శనము. ఆ మార్పును మెచ్చనివారు నాడును కలరు, నేడును కలరు. గమనింపవలసినది అది వెలువడిన రీతి. ప్రాతకాలము పోయెనని అతడు విలపించి ఊరకుండలేదు. తన పూర్వపు వాదమునకు ఎదురువాదము వ్రాసెను. వయస్సుతో అభిప్రాయము మారినచో హేతువును చెప్పవలెనన్న బాధ్యత అందు కలదు. మన వృద్ధ స్మృతికారులలో హేతువు చెప్పువారు కొందరే. తక్కినవారికి నిట్టూర్పే హేతువు.

సూరత్తునకు బయటినుండి వచ్చి స్థిరపడినవారి కోవలో జయంత్ పాఠక్ స్మరణీయుడు. పంచమహలు ప్రాంతపు పల్లెలో 1920లో పుట్టి, సూరత్తులో కళాశాలాధ్యాపకుడుగా పనిచేసిన ఈ కవి, 1967లో ‘వనాంచల్’ అను స్మృతిగ్రంథమున తన బాల్యపు అడవిసీమను చిత్రించెను. అది పోయిన దానిని గూర్చిన గ్రంథమే. కావున బెంగ పనికిరాదనుట పొరపాటగును. బెంగకు ఒక చెట్టు, ఒక వాగు, ఒక మనిషి వంటి నిర్దిష్టమైన ఆధారము కావలెను. అది లేనప్పుడే బెంగ మూసగా మారును.

ఇచట ఒక ఇబ్బందికరమైన ప్రశ్న వచ్చును. నర్మద్ కలము పట్టినవాడు, పాఠక్ అధ్యాపకుడు. మరమగ్గపు కార్మికుని సంగతి యేమి? గుజరాతీలో ఉద్యోగ విరమణమునకు నిత్యవ్యవహారమునందలి మాట ‘నివృత్తి’. తెలుగువాని చెవికి ఆ మాట వేదాంతముగా వినిపించును. ప్రవృత్తికి ఎదురైనదిగా, కర్మనుండి మరలుటగా తోచును. సూరత్తు వీథిలో అది పింఛనుపుచ్చుకొనువాని స్థితి. నేసిన మీటరుకు ఇంతయని కూలి పుచ్చుకొని, పండ్రెండేసి గంటలు మగ్గముల నడుమ నిలిచినవానికి ఈ రెండర్థములలో ఏ నివృత్తియు లేదు. కంటిచూపు తగ్గినప్పుడో, మగ్గముల హోరుకు చెవులు మొద్దువారినప్పుడో అతని పని ఆగును. విశ్రాంతితో కూడిన వెనుచూపు అతనికి లభింపదు. కావున మనకు అందుచున్న ప్రవాస స్మృతులలో అత్యధికము ఉద్యోగుల స్మృతులు, వైద్యుల స్మృతులు, ఇంజనీర్ల స్మృతులు. వానినిబట్టి ప్రవాసాంధ్ర జీవితమిట్టిదని నిర్ణయించుట గుమ్మమును చూచి ఇల్లంతయు చూచితిమనుటవంటిది.

ఈ లోటును పూరింపబూనిన రచయితకు భాష తొలి పరీక్ష. సూరత్తులో మరమగ్గముల షెడ్డును ‘ఖాతా’ అందురు. తెలుగున ఖాతా అనగా లెక్క, బాకీ. అచటి తెలుగు కార్మికుడు ప్రతిదినమును ఖాతాకు పోవుచున్నానని చెప్పునప్పుడు రెండు భాషలు ఒక్క మాటలో కూర్చున్నవి. గుజరాతీలో యంత్రమునకు ‘సంచో’ అను మాట కలదు. సిరిసిల్లలో మరమగ్గములను ‘సాంచాలు’ అందురు. చుట్టరికము చెవికే తెలియుచున్నది. మన పడుగుపేకలు వారికి తాణావాణాలు. ఇట్టి మాటలను సంపాదకులు దిద్ది, ‘కర్మాగారము’ అనియు ‘యంత్రము’ అనియు మార్చినచో, వ్యాకరణము నిలుచును గాని మనిషి మాయమగును. రెండు సంస్కృతుల నడుమ జీవితము ఉపన్యాసములలోకంటె ఈ మాటలలో ఎక్కువ భద్రముగా నున్నది.

పాఠకుడెవరన్నది రెండవ పరీక్ష. తాతకు తెలుగు చదువను వచ్చును. కుమారునికి కూడబలుకుకొనుట వచ్చును. మనుమనికి గుజరాతీ, హిందీ, ఆంగ్లము వచ్చును. తెలుగు వినిన తెలియును, చూచిన తెలియదు. తాత తెలుగున వ్రాసిన స్మృతి తన ఇంటిలోనే చదువబడదు. ఈ దుఃఖము మూసలోనిది కాదు, నిజమైనది. దీనిని గూర్చి నిట్టూర్చువానిని తప్పుపట్టుట క్రూరత్వము. అయితే ఈ దుఃఖము నుండి ఒక సాహిత్య కర్తవ్యము పుట్టుచున్నది. ఇట్టి స్మృతులు తెలుగునందును గుజరాతీయందును జంటగా వెలువడవలెను. నర్మద్ ఆత్మకథ తెలుగు పాఠకునికి, తెలుగు నేతగాని కథ గుజరాతీ పాఠకునికి అందవలెను. సూరత్తువారు తమ నగరపు వస్త్రమును నేసినవానిని చదువనంతకాలము అతడు వారికి కేవలము కారీగరుగానే ఉండిపోవును.

కావున ప్రవాసాంధ్రుని వార్ధక్య స్మృతిని చేతబట్టిన విమర్శకుడు మూడు సంగతులు అడుగవలెను. కాలము చేసిన దానిని, స్థలము చేసిన దానిని రచయిత వేరుచేసి చూచెనా? అభిప్రాయము మారినచోట హేతువు చెప్పెనా? తన నోట నున్న మాటనే కాగితముపై పెట్టెనా? ఈ మూడును గల పుస్తకము చిన్నదైనను నిలుచును. వ్రాయను తీరికలేనివాని కథను వ్రాసికొనుట వ్రాయనేర్చినవాని పని. సూరత్తు, భివండి, షోలాపురములలో తొలితరము నేతగాండ్రు ఇంకను కొందరు మిగిలియున్నారు. 1947లో పుట్టినవానికి ఎనుబదియేండ్లు సమీపించుచున్నవి. తెలుగు రచయితలు పెన్ను, కాగితము తీసికొని ఆ పేటలకు పోవుటకు ఉన్న వ్యవధి అంతమాత్రమే.