కొసరు

పప్పులోకి తాలింపు వేయబోతూ చూస్తే కరివేపాకు నిండుకుంది. ఫోన్ తీసి యాప్‌లో వెతికాను. దొరికింది. ఫొటో ఉంది, ఎన్ని గ్రాములో ఉంది, పక్కన ధర కూడా ఉంది. పెద్ద ధరేం కాదు. అయినా చెయ్యి ఆడలేదు. కరివేపాకును కొనడమేమిటి? నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అది కూరగాయలన్నీ సంచీలో పడ్డాక, "కాస్త కరేపాకు పడెయ్యమ్మా" అంటే వచ్చేది. దాన్నే కొసరు అనేవాళ్లం. ఆ కొసరు ఎటు పోయినట్టు?

మా వీధి మలుపులో పూలమ్మే ఆవిడ ఇప్పటికీ మూర లెక్కనే అమ్ముతుంది. దండ కొసను వేళ్ల చివర పట్టుకుని మోచేతి దాకా లాగితే మూర. "నీ చెయ్యి మరీ పొట్టిదమ్మా" అంటాను. "దేవుడిచ్చిన చెయ్యండీ, నన్నేం చెయ్యమంటారు?" అంటుంది. అంటూనే మోచెయ్యి దాటించి ఇంకో బెత్తెడు వదిలి దారం తెంపుతుంది. ఆ బెత్తెడుకు ధర లేదు. రేపు మళ్లీ ఇస్తుందన్న హామీ లేదు. నిన్నటి మొహమే ఇవాళా వచ్చిందన్న గుర్తింపు మాత్రం ఉంది.

యాప్‌లకూ ఈ సంగతి తెలియకపోలేదు. కొత్తిమీరకు విడిగా డబ్బు కట్టాలనేసరికి వాళ్లమ్మకు గుండె ఆగినంత పనైందని 2024లో ముంబైవాసి ఒకాయన సోషల్ మీడియాలో వాపోతే, బ్లింకిట్ వాళ్లు కొత్తిమీర ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టారు. కాకపోతే కూరగాయల బిల్లు ఇంత దాటాలన్నారు. మంచిదే. కానీ షరతు పెట్టి ఇస్తే అది ఆఫర్ అవుతుంది. కొసరు అడిగితే వచ్చేది, ఒక్కోసారి అడక్కుండానే వచ్చేది.

చిల్లర సంగతీ అంతే. ఎనభై మూడు రూపాయలైతే "ఎనభై ఇవ్వండి, చిల్లర లేదు" అనేవాళ్లు. ఆ మూడు రూపాయలు కూడా కొసరే. 2016లో యూపీఐ వచ్చింది, చిల్లర గొడవ తీరింది. ఇప్పుడు ఎనభై మూడుకు ఎనభై మూడూ పడుతుంది, బండి మీది డబ్బా ఆ మాట వీధంతా వినేలా చెబుతుంది. ఎవరూ ఎవరికీ బాకీ లేరు. మొహమాటమూ లేదు.

అయితే ఒక్క నిజం ఒప్పుకోవాలి. మనం కొసరు అడిగింది ఎవరిని? డెలివరీ ఛార్జీ, హ్యాండ్లింగ్ ఛార్జీ అని బిల్లు కింద వరుసగా పడితే మారుమాట్లాడకుండా కడతాం. మాల్‌లో చొక్కా కొని "ఓ జేబురుమాలు పడెయ్యండి" అనలేం. మన గడుసుతనమంతా తెల్లారకముందే మార్కెట్‌కు వెళ్లి గంప నింపుకొచ్చే మనిషి దగ్గరే. ఆమె గంపలోని కరివేపాకు కూడా ఆమె కొన్నదే. ఆ సంగతి ఎన్నడూ తట్టలేదు నాకు.

తెలుగులో ఈ మాటకు ఇంకో వాడుక కూడా ఉంది. భోజనాల దగ్గర కొసరి కొసరి వడ్డిస్తాం. చాలంటున్నా ఇంకో గరిటె వేస్తాం. అంగట్లో పుచ్చుకునేదీ, విస్తరి ముందు పెట్టేదీ ఒకే మాట. మొదటిది బాగా నేర్చుకున్నాను. రెండోదాన్ని గడప దాటనివ్వలేదు.

ఆ రోజు యాప్ మూసేసి, పొయ్యి ఆర్పి, కూరల బండి దగ్గరికి వెళ్లాను. బెండకాయలూ టమాటాలూ కలిపి ఎనభై మూడు అయింది. తొంభై కొట్టాను.

"ఏడు ఎక్కువేశారండీ."

"కొసరులే" అన్నాను.

నన్ను ఎగాదిగా చూసి, గుప్పెడు కరివేపాకు తీసి సంచీలో పడేసింది.