బండ మీది వంట, పీట మీది వంట

కరీంనగర్ చుట్టుపక్కల గుట్టల్లోంచి కోసే గ్రానైట్‌లో ఒక రకానికి ప్రపంచ మార్కెట్‌లో ‘ట్యాన్ బ్రౌన్’ అని పేరు. నల్లటి రాతిలో ఎర్ర గోధుమరంగు మచ్చలు. చాలా భాగం పలకలు కాకముందే, దిమ్మెలుగానే రైలెక్కి కాకినాడ రేవుకు, అక్కడ ఓడెక్కి చైనాకు పోతుంది. కోత, పాలిష్ అయినంక అమెరికాలో ఎవరి వంటింట్లోనో బండ అవుతుంది. ఆ ఎవరో డాలస్‌లో స్థిరపడ్డ జగిత్యాల వాళ్లు కూడా కావచ్చు. ఇటు కరీంనగర్‌లో వంటిల్లు కొత్తగా చేయించుకునేవాళ్లు షోరూమ్‌కు పోయి తెల్ల క్వార్ట్‌జ్ చూపించమంటున్నారు.

ఈ రాకపోకలు రాయితోనే ఆగలేదు. హాలుకూ వంటింటికీ నడుమ గోడ లేని ఓపెన్ కిచెన్ అమెరికా ఇళ్ల నుంచి మన ఫ్లాట్లకు వచ్చింది. అదే అమెరికాలో, కెనడాలో మనవాళ్లు కొంటున్న కొత్త ఇళ్లలో పెద్ద వంటింటి వెనక తలుపున్న చిన్న వంటగది ఇంకొకటి కట్టించుకుంటున్నారు. బిల్డర్లు దానికి ‘స్పైస్ కిచెన్’ అని పేరు కూడా పెట్టారు. తాలింపు ఘాటు సోఫాలకు, కోట్లకు పట్టకూడదు, పొగ అలారం మొత్తుకోకూడదు. అక్కడివాళ్లు గోడ లేపుతుంటే ఇక్కడివాళ్లు గోడ కూలగొడుతున్నారు. ఇద్దరిలో ఎవరు తెలివైనవాళ్లో కాగిన నూనెలో నాలుగు ఎండుమిరపకాయలు వేస్తే తేలిపోతుంది.

వంటింటి నమూనాల గురించిన ముచ్చట ఎప్పుడూ రంగుల దగ్గర, ‘ఎల్’ ఆకారమా ‘యు’ ఆకారమా అన్న దగ్గర మొదలవుతుంది. నేను చూసే తేడా వేరేచోట ఉంది. ఉత్తర తెలంగాణలో ఇప్పుడు రెండు వంటిళ్లు పక్కపక్కనే బతుకుతున్నాయి: కూచుని వండేది ఒకటి, నిలబడి వండేది ఒకటి. మొదటిది పోయిందనుకుంటాం. పోలేదు, వెనక వాకిట్లోకి, బాల్కనీలోకి, పండుగ రోజుల్లోకి జరిగింది. రెండోది గెలిచింది గానీ మొదటిది చేసే పనులన్నీ ఇంకా నేర్చుకోలేదు.

పాత వంటర్రను తలచుకుందాం. గూనపెంకుల కప్పు, పెండతో అలికిన నేల, మూలకు కట్టెల పొయ్యి, గోడలో గూళ్లు, పైన ఉట్టి, పక్కన రోలు, ఇసుర్రాయి. ఉట్టి తప్ప, పీట మీద కూచున్న మనిషికి కావలసిన సామాను చాలావరకు చేయి చాపినంత దూరంలో, రెండడుగుల ఎత్తు లోపలే ఉండేది. పెంకుల సందుల్లోంచి కొంత పొగ పోయేది. మిగతాది వండే మనిషి ఊపిరితిత్తుల్లోకి పోయేది. ఆ వంటర్రను కవిత్వంగా పొగిడేవాళ్లు చాలావరకు అందులో వడ్డించుకు తిన్నవాళ్లే, కట్టెలు ఊదినవాళ్లు కారు. చీకటి, ఉక్క, మోసి తెచ్చిన బావి నీళ్లు, నలభై దాటకముందే పట్టేసే మోకాళ్లు. దాన్ని తిరిగి తేవాలనే కోరిక నాకు లేదు. దాని కొలతలు మాత్రం పారేయదగ్గవి కావు.

నిలబడి వండే బండ గ్యాస్‌తో వచ్చింది. పొయ్యి సిలిండర్ కంటే ఎత్తులో ఉండాలన్నది భద్రతా నియమం. కట్టెల పొయ్యి నేల మీద ఉండొచ్చు, గ్యాస్ పొయ్యి ఉండరాదు. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం మహిళా సంఘాల సభ్యులకు గ్యాస్ కనెక్షన్లు ఇవ్వడం మొదలుపెట్టాక పల్లె ఇళ్లలో కూడా ఒక మూలకు ఇటుకల మీద షాబాద్ బండ లేచింది. నల్లా వచ్చినంక దాని పక్కన సింకు చేరింది. ఇది ఎవరూ కూచుని గీసిన నమూనా కాదు. కింద సిలిండర్ పట్టాలి, పొయ్యి ఆగ్నేయంలో ఉండాలి. ఈ రెండూ మేస్త్రీ అడిగాడు. వండే మనిషి ఎత్తెంతని అడగలేదు.

షోరూమ్ వంటింటి వంశం ఇంకొకటి. 1926లో ఆస్ట్రియాకు చెందిన ఆర్కిటెక్ట్ మార్గరెటే షుట్టె-లిహోట్‌స్కీ ఫ్రాంక్‌ఫర్ట్ నగర గృహ పథకం కోసం ఒక వంటిల్లు గీసింది. వెడల్పు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు. మన లెక్కలో ఆరడుగుల చిల్లర, పదకొండడుగుల చిల్లర. రైలు భోజనపు పెట్టెలోని వంటగదిని చూసి, గృహిణి వేసే అడుగులు, పట్టే నిమిషాలు లెక్కగట్టి చేసిన నమూనా అది. సుమారు 10,000 ఇళ్లలో అల్మారాలతో సహా బిగించి ఇచ్చారు. బియ్యం, పప్పుల్లాంటి దినుసులకు పట్టుకుని వంపుకునే అల్యూమినియం డబ్బాలు, పిండికి మాత్రం పురుగు పట్టకుండా ఓక్ చెక్క పెట్టె. ఆ నమూనా గీసేనాటికి తాను ఇల్లు నడపలేదని, వంట చేయలేదని ఆమే తర్వాత చెప్పుకుంది. అయినా కిటికీ కింద ఒక పని బల్ల పెట్టింది, దాని ముందు తిరిగే స్టూలు వేసింది. తరగడం, ఏరడం కూచుని చేసే పనులని లెక్కలోనే ఆమెకు తెలిసింది.

ఈనాటి మాడ్యులర్ వంటింటికి ఆ ఫ్రాంక్‌ఫర్ట్ వంటిల్లే మూలమని డిజైన్ చరిత్రకారులు రాస్తారు. మన దాకా వచ్చేసరికి అల్మారాలు వచ్చాయి, స్టూలు రాలేదు. దాని లోపం మాత్రం పూర్తిగా వచ్చింది: అది ఒక్క మనిషి వంటిల్లు. ఇద్దరు నిలబడితే ఒకరి మోచేయి ఇంకొకరికి తగులుతుంది.

ఇక్కడ కొంచెం అంగుళాల లెక్క తప్పదు. మన దేశంలో ఆడవాళ్ల సగటు ఎత్తు దాదాపు 5 అడుగులు. ఆ ఎత్తు మనిషి నిలబడితే మోచేయి నేలకు 37, 38 అంగుళాల దగ్గర ఉంటుంది. షోరూమ్ బండ ఎత్తు 34 అంగుళాలు. కూరగాయలు తరగడానికి సరిపోయింది. ఇప్పుడు దాని మీద 4 అంగుళాల గ్యాస్ పొయ్యి పెట్టండి, పొయ్యి మీద 9 అంగుళాల గంజు పెట్టండి. గంజు అంచు 47 అంగుళాలకు చేరింది, అంటే భుజానికి కొంచెం కింద. ఆ ఎత్తులో పదిమందికి పప్పు ఎనపడమంటే రెక్క పైకెత్తి పావుగంట నిలబడటమే. పొయ్యి ఉన్నంత మేర బండను ఐదారు అంగుళాలు కిందికి దింపి వేయించడం మేస్త్రీకి అరపూట పని. లేదంటే బండలోకి దిగిపోయే హాబ్ పెట్టించుకోవచ్చు. హాబ్‌ను అందం కోసం కొంటున్నారు గానీ దాని అసలు లాభం ఈ ఎత్తు తగ్గడమే.

పిండి పిసకడానికి ఈ లెక్క కూడా చాలదు. బలం పెట్టి నొక్కే పనికి బల్ల మోచేతికి ఆరంగుళాలకు పైగా కిందుండాలి. ఇక్కడే ఆదిలాబాద్ వంటిల్లు కరీంనగర్ వంటింటి నుంచి విడిపోతుంది. యవత్మాల్, చంద్రపూర్, నాందేడ్‌లను ఆనుకుని ఉన్న నల్లరేగడి నేల అది, జొన్నరొట్టె తినే నేల. జొన్నపిండికి గోధుమపిండిలా సాగే గుణం లేదు. వేడినీళ్లు పోసి అరచేతి మడమతో బాగా మెదిపితేనే పగలకుండా వస్తుంది, ఆ తర్వాత కర్రతో ఒత్తేది లేదు, చేత్తో తట్టాల్సిందే. పీట మీద కూచుని తట్టేటప్పుడు ఒంటి బరువు చేతిమీదికి దిగుతుంది. 34 అంగుళాల బండ ముందు నిలబడి తడితే బరువంతా మణికట్టు మోయాలి. ఉట్నూరులోనో నిర్మల్‌లోనో రోజూ రొట్టె చేసే ఇంటికి కరీంనగర్ ఫ్లాట్ కోసం గీసిన కొలతను యథాతథంగా దించుతున్నారంటే ఆ ఇంట్లో ఇంకో ఐదేళ్లకు గోధుమ చపాతీయే మిగులుతుంది. అలవాటు మారిందని అంటాం. నిజానికి మారింది బండ ఎత్తు. 28, 29 అంగుళాల దగ్గర ఒక రెండడుగుల బల్ల, అవసరం లేనప్పుడు కిందికి మడిచేది, గోడకు వేయించుకుంటే చాలు.

కరీంనగర్ వైపు పరీక్ష సంక్రాంతికి వస్తుంది. సకినాలకు నానబెట్టిన బియ్యం తడిగా పట్టించి, నువ్వులు, వాము కలిపి, పరిచిన తెల్లబట్ట మీద వేళ్లతో మెలిపెడుతూ చుట్లు చుట్లుగా పోస్తారు. ఒక్కరితో తెమిలే పని కాదు. వాడలోని వదినలు, అత్తలు, చెల్లెళ్లు చుట్టూ కూచుంటేనే పూర్తవుతుంది. వీధిలో ఎవరింట్లో ఎన్ని సోలలు పోశారో లెక్క కూడా అక్కడే తేలుతుంది. లక్షలు పోసిన మాడ్యులర్ వంటింట్లో ఈ పనికి జాగా లేదు. సోఫా జరిపి హాల్లో బట్ట పరుస్తారు, వేయించడం మాత్రం వంటింట్లో. ఆ పిండి చేతులతోనే అటూ ఇటూ. ఓపెన్ కిచెన్‌కు నేను ఒక్క మార్కు వేయగలిగింది ఇక్కడే: సకినాలు పోసేవాళ్లూ వేయించేవాళ్లూ ఒకరికొకరు కనిపిస్తారు. ముచ్చట తెగదు. గోడ మొత్తం తీయకుండా, ఫ్రాంక్‌ఫర్ట్ నమూనాలో ఉన్నట్టే మూడడుగుల జరిపే తలుపు పెట్టి, దానికి అద్దం వేస్తే తాలింపు పూట మూసుకోవచ్చు, పండుగ పూట తెరుచుకోవచ్చు.

సర్వపిండి ఇంకో చిక్కు తెస్తుంది. కాలిన గంజుకు పిండి అద్దలేం, ఒక వాయి దిగాక దాన్ని నీళ్ల కింద చల్లార్చి మళ్లీ అద్దాలి. పొయ్యికీ సింకుకూ నడుమ రెండడుగులు మించితే వేడి గంజు పట్టుకుని నడవాల్సి వస్తుంది. నిప్పూ నీరూ దూరం దూరంగా ఉండాలని వాస్తు చెప్పేవారు ఈ ఒక్క వంటకు మినహాయింపు ఇస్తే బాగుండును.

రాయి సంగతికొస్తే నా ఓటు దాపరికం లేకుండా గ్రానైట్‌కే. ఊరి అభిమానం కొంచెం ఉండొచ్చు, కాదనను. చింతపులుసు, నిమ్మరసం పడితే కడప బండ, షాబాద్ బండ మచ్చపడతాయి, ఎందుకంటే అవి సున్నపురాయి జాతి. గ్రానైట్‌కు పులుపు పట్టదు. క్వార్ట్‌జ్ పలకలో తొంభై శాతం దాకా రాతిపొడి, మిగతాది దాన్ని అతికించే రెజిన్. పులుపును తట్టుకుంటుంది గానీ వేడిని తట్టుకోలేదు. పొయ్యి మీంచి దించిన కంచుడును నేరుగా పెడితే మరక శాశ్వతం. తెల్ల రంగైతే పసుపు మరక అదనం. దాన్ని కోసేవాళ్ల ఊపిరితిత్తుల్లో చేరే సిలికా దుమ్ము వల్లనే ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి ఆ పలకల తయారీని, అమ్మకాన్ని, బిగింపును నిషేధించింది. గ్రానైట్ కోసినా సిలికా దుమ్ము లేస్తుంది, మన క్వారీ కార్మికుల దగ్గు సాక్ష్యం. తేడా పాళ్లలో ఉంది. ట్యాన్ బ్రౌన్ మీద ఒక న్యాయమైన ఫిర్యాదు ఉంది, అది చీకటి రాయి. కిటికీ చిన్నదైన వంటింట్లో సాయంత్రం బియ్యంలో రాళ్లు కనబడవు. పై అల్మారా అడుగున ఒక ఎల్ఈడీ పట్టీ వేస్తే ఆ ఫిర్యాదు తీరుతుంది. దానికోసం రాయి మార్చనక్కర్లేదు.

చెక్క విషయంలో ఆదిలాబాద్ గెలుస్తుంది. ఆ అడవుల టేకుకు చెద సులభంగా పట్టదు, అందులోని సహజమైన నూనెలే కారణం. షోరూమ్‌లో చూపించే ఒత్తుడు చెక్క అంచు పట్టీ ఊడిన రోజు సింకు కింద ఉబ్బడం మొదలవుతుంది, తర్వాత తలుపు మూతపడదు. పూర్తి టేకు వంటిల్లు సామాన్యుడికి అందే ధరలో లేదు. అందుకే మన మేస్త్రీలు చాలాకాలంగా చేస్తున్న పద్ధతే నాకు నచ్చుతుంది: బండ కింద అడ్డగోడలు, అరలు రాతివే, ముందర తలుపులు మాత్రం చెక్కవి. నీళ్లు కారినా రాయికి ఏమీ కాదు. తలుపులకు కొత్త టేకు కావాలంటే అటవీ శాఖ డిపోల్లో వేలం ఉంది. అంతకన్నా మంచిది, పాత పెంకుటిళ్లు కూలగొట్టినప్పుడు వచ్చే దర్వాజాలు, దంతెలు. వాటిని కోయించి తలుపులు చేయించడం కార్పెంటర్లకు విసుగు, మేకులు రంపాన్ని తింటాయంటారు. పట్టుబడితే చేస్తారు.

అరల ఎత్తు గురించి ఒక్క మాట. వేసవిలో పెట్టిన మామిడికాయ తొక్కు జాడీ, 25 కిలోల బియ్యం బస్తా, ఇడ్లీ పాత్ర – ఈ మూడూ పట్టే చోటు చూపించమని డిజైనర్‌ను అడగండి. గరిటెలకు, స్పూన్లకు విడివిడిగా గళ్లున్న సొరుగు తెరిచి చూపిస్తాడు.

ఫ్లాట్లలో వంటింటి వెనక నాలుగడుగుల వెడల్పుతో వదిలే యుటిలిటీ జాగా ఉంటుంది. అక్కడ అడుగున్నర ఎత్తులో ఒక గ్రానైట్ గద్దె, దానికి అందేలా కింది ఎత్తులో నల్లా, నీళ్లు పోయే వాలు పెట్టిస్తే కూచుని చేసే పనులన్నీ మళ్లీ ఇంట్లోకి వస్తాయి. పీట మీద కూచోలేని పెద్దవాళ్లు ఆ గద్దె మీదే కూచోవచ్చు. ఇప్పుడక్కడ వాషింగ్ మెషీన్ ఉంటోంది. దాన్ని బాత్రూమ్ వైపు జరిపి ఒక ప్లగ్ పాయింటు, ఒక నల్లా పెట్టించడానికి అయ్యే ఖర్చు, మూల అల్మారాలో వేసే గిరగిర తిరిగే స్టీలు బుట్టల ధరలో చిన్న వాటా.