విత్తనం మారకుండా సేంద్రియ పత్తి రాదు

సేంద్రియ పత్తి అనగానే మందు డబ్బా పక్కన పెట్టి జీవామృతం డ్రమ్ము తెచ్చుకుంటే చాలన్న అభిప్రాయం మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో బలంగా ఉంది. అంతకంటే ముందు అడగాల్సింది ఏ విత్తనం వేశారని. 2002లో దేశంలో అనుమతి పొందిన బీటీ పత్తి కాయతొలుచు పురుగుల కోసం తయారైంది. రసం పీల్చే పచ్చదోమను, తామర పురుగును అది ఆపలేదు. గులాబీ రంగు పురుగైతే రెండు జన్యువుల బీటీకి కూడా అలవాటు పడిపోయింది. రసాయన ఎరువు మీద పెరగడానికి తీర్చిన హైబ్రిడ్‌కు గత్తం, కషాయం మాత్రమే ఇచ్చి, దిగుబడి తగ్గిందని సేంద్రియాన్ని తప్పుపట్టడం న్యాయం కాదు. పైగా జన్యుమార్పిడి విత్తనంతో పండించిన పత్తిని మన దేశ సేంద్రియ ప్రమాణాలు ఒప్పుకోవు.

సరైన విత్తనం కోసం ఎక్కడికో వెళ్లక్కర్లేదు. పొందూరు ఖద్దరుకు పేరు తెచ్చిన కొండపత్తి, పునాస పత్తి, ఎర్రపత్తి ఇక్కడివే. దేశవాళీ పత్తులు వర్షాధారానికి, బెట్టకు ఓర్చుకుంటాయి. పచ్చదోమ బెడదా వాటికి తక్కువే. గింజ దాచుకుని మరుసటి ఏడు చల్లుకోవచ్చు. పొట్టి పింజ మిల్లుకు పనికిరాదన్నది నిజమే. కానీ ఆ పొట్టి పింజనే వాలుగ చేప దవడతో దువ్వి, ఏకి, రాట్నం మీద నూరో నంబరు నూలు తీస్తున్నారు పొందూరు ఆడవాళ్లు. మిల్లు వద్దన్న గుణం వాళ్ల చేతిలో లోపం కాకుండా పోయింది.

పురుగుమందు లేకుండా పత్తి అసాధ్యమనేవారికి అప్పటి ఖమ్మం జిల్లా పునుకుల సమాధానం. వేప కషాయం, పచ్చిమిర్చి-వెల్లుల్లి ద్రావణం, ఆముదం ఎర పంట, లింగాకర్షక బుట్టలతో ఆ ఊరు 2004 నాటికే మందు మానేసింది. దిగుబడి తక్కువన్న మాట మాత్రం గట్టిదే, దాన్ని దాటవేయకూడదు. దేశవాళీ పత్తి ఎకరాకు హైబ్రిడ్ అంత ఇవ్వదు. విత్తనం, మందు, ఎరువుల ఖర్చు తగ్గినా, మిగతా తేడా ధరలోనే పూడాలి. మామూలు మార్కెట్ రేటుకు అమ్ముకోమంటే రైతు ఎందుకు వేస్తాడు? అందుకే వడికేవాళ్లకూ పండించేవాళ్లకూ మధ్య విత్తే ముందే ఒప్పందం కావాలి. 1949 నుంచి పొందూరులో నడుస్తున్న ఖాదీ సంఘమూ, ప్రకృతి వ్యవసాయాన్ని ప్రోత్సహిస్తున్న రాష్ట్ర ప్రభుత్వమూ కలిసి కూర్చుంటే అది కష్టం కాదు. గింజ సేకరణ, కొనుగోలు ధర రెండూ వచ్చే పునాసకు ముందే ప్రకటించండి. పొందూరు పంచె కొనేవారు కూడా ఆ పత్తి ఏ చేలో, ఎలా పండిందో దుకాణంలో అడగండి.