మొహాల్లేని నరకం

శివరాత్రి తిరునాళ. మహానంది గుడి బయట దేవుళ్ల పటాలమ్మే అంగడిలో తాడుకు వేలాడుతోంది యమలోక శిక్షల పటం. కోనేటి స్నానం ముగించుకొచ్చిన ఈ శీర్షికకారుడు దాని ముందే నిలబడిపోయాడు. ఒక గడిలో నూనె కొప్పెర, ఇంకో గడిలో రంపపు కోత. భటులకు తలా ఒక రకం మీసం, పాపులకు మాత్రం అందరికీ ఒకటే మొహం. మంటల ఎరుపు గీత దాటి ఒక పాపి పంచె మీదికి పారింది.

"ఏం సామీ, మీది యాడుందో దొరికిందా?" అన్నాడు అంగడాయన.

నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. 'యమగోల' (1977) నుంచి 'యమదొంగ' (2007) దాకా మన నరకం సినిమా సెట్టింగైపోయిందన్న గొణుగుడు పాఠకులకు పాతదే. కైకాల సత్యనారాయణ మీద కోపం కాదు; ఆయన కిరీటం పెడితే యముడు కూడా ముచ్చటపడేవాడే. కానీ భాగవతం పంచమ స్కంధం 28 నరకాలను పేరుపేరునా చెప్తే, మనకు మిగిలింది కొప్పెరా, రంపమూనా?

నరకయాత్రను కావ్యంగా రాసిన ఇటలీ కవి డాంటే అదృష్టం చూడండి. చిత్రకారుడు బొటిచెల్లి ఒకే తోలుకాగితం మీద డాంటేనూ, దారి చూపే వర్జిల్‌నూ పలుచోట్ల గీసి నడిపించాడు. మరో చిత్రకారుడు బ్లేక్ 1827లో పోయేదాకా డాంటే బొమ్మల మీదే ఉన్నాడు, 102 మిగిలాయి. ప్రచురణకర్తలు వెనకాడితే గుస్తావ్ డోరే సొంత డబ్బు పెట్టి తన బొమ్మలతో ఆ నరకాన్ని 1861లో అచ్చు వేయించాడు. వీళ్లందరి నరకంలోనూ దాన్ని చూడవచ్చిన మనిషి ఒకడున్నాడు. తిరునాళ పటంలో లేనిది అతనే.

మనకు మాత్రం లేడా? ధర్మరాజున్నాడు. తిక్కన తెలుగు చేసిన స్వర్గారోహణ పర్వం తీయండి. స్వర్గంలో దుర్యోధనుడు దర్జాగా కూర్చున్నాడు, తమ్ముళ్ల జాడ లేదు. దేవదూత వెంట వెళ్తే చీకటి, కుళ్లు కంపు. వెనుదిరగబోతే గొంతులు: కాసేపుండు, నీ మీది గాలి సోకితే హాయిగా ఉందని. ఎవరంటే కర్ణుణ్ణని ఒకటి, భీముణ్ణని ఒకటి.

కుంచె ఆగేది ఇక్కడే. ధర్మరాజుకు అన్నదమ్ములు ఆనవాలు చిక్కకపోవడమే అక్కడి ఘోరం. మొహాలు గీస్తే కథే పోయింది. డోరే దిగొచ్చినా నల్లసిరా పూయడం తప్ప చేసేదేముంది?

ఇది చిత్రకారుడి పని కాదు, తోలుబొమ్మలాటది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఇప్పటికీ మేకతోలు మీద బొమ్మలు చేస్తున్నారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. తెర మీద ధర్మరాజునొక్కణ్ణి నిలిపి, వెలుతురు తీసేసి, వెనక నుంచి గొంతులు వదిలితే చాలు, కొత్త బొమ్మ ఒక్కటీ కోయనక్కర్లేదు. కథ చివర ఇంద్రుడు రాగానే చీకటి విడాలి కదా అంటారేమో. ఆముదపు దీపాల నాడైతే తంటాయే. ఇప్పుడు తెర వెనకవి కరెంటు బల్బులు, స్విచ్చి వేస్తే సరి.