లేపాక్షి స్తంభమూ, పాఠ్యపుస్తకపు ఊగుడుబల్లా

భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాలలో బలభ్రామకాన్ని గురించిన ప్రకరణం ఏది తెరచినా మొదట కనిపించేది ఊగుడుబల్ల. ఆ తరువాత త్రాసు, గడ్డపార, తలుపు. ఇవి మంచి ఉదాహరణలే. కాని అన్నింటిలోను తిరిగే చోటు ముందుగానే నిర్ణయమై ఉన్నది. తలుపుకు బందులు, గడ్డపారకు కింది రాయి. అందుచేత బలభ్రామకమనేది ఆ బందుకు సంబంధించిన గుణమనీ, బందు లేనిచోట దాని ప్రసక్తే లేదనీ విద్యార్థికి తోస్తుంది. ఎడమ లబ్ధం కుడి లబ్ధానికి సమానమని వ్రాసి మార్కులు తెచ్చుకొంటాడు. నిశ్చలంగా నిలిచిన వస్తువును చూపి లెక్క కట్టమంటే మాత్రం తెల్లబోతాడు.

ఇటువంటి వస్తువు కోసం హిందూపురం విద్యార్థి దూరం పోనక్కరలేదు. సుమారు 15 కిలోమీటర్లలో లేపాక్షి వీరభద్రాలయమున్నది. విజయనగర ప్రభువు అచ్యుతదేవరాయల కాలంలో (1529-1542) విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించినదని ప్రసిద్ధి. అక్కడి మండపంలో ఒక స్తంభం అడుగుభాగం నేలకు పూర్తిగా ఆనదు. యాత్రికులు దాని కింద గుడ్డ దూర్చి అవతలికి లాగుతారు. ఒక మూల మాత్రం నేలను తాకి ఉన్నదని చెబుతారు. యాత్రా పుస్తకాలు ఈ మూలను వదలిపెట్టి, స్తంభం గురుత్వాకర్షణను ధిక్కరించి గాలిలో నిలిచినదని వ్రాస్తాయి. అసలు చూడదగినది ఆ మూలే!

లెక్క కోసం స్తంభం బరువు 2000 కిలోగ్రాములనీ, ఎత్తు 4 మీటర్లు, వెడల్పు 60 సెంటీమీటర్లనీ, కప్పు భారాన్ని పక్క స్తంభాలే మోస్తున్నవనీ అనుకొందాము. మూలకు బదులు ఎడమ అంచు ఆనినదనుకొంటే లెక్క సులువు. నేల 2000 కిలోగ్రాముల బలంతో పైకి నెడుతుంది. నిలువు బలాలు సరిపోయినవి. అయినా స్తంభం నిలువదు. బరువు పనిచేసే రేఖ ఆ అంచుకు 30 సెంటీమీటర్ల కుడిగా ఉన్నది గనుక 600 కిలోగ్రాము-మీటర్ల బలభ్రామకం దానిని కుడివైపు పడవేయజూస్తుంది. బలాలు సమమైనంత మాత్రాన సమతాస్థితి రాదనే రెండవ షరతు ఇక్కడ కంటికి కడుతుంది. ఊగుడుబల్లలో ఇది ఇంత స్పష్టంగా కనబడదు.

మరి దానిని ఆపేదేమి? పైదూలం. 4 మీటర్ల ఎత్తున అది ఎడమవైపు 150 కిలోగ్రాముల బలంతో నెడితే చాలును. అడుగున నేల ఘర్షణ అంతే బలంతో కుడివైపు పట్టుతుంది. రెండు టన్నుల రాయికి 150 కిలోగ్రాములు! భుజం పొడవు చేసిన మేలిది. అలా కాక, దూలమే స్తంభాన్ని పూర్తిగా పట్టుకొని వేలాడదీసినదంటే ఆ అతుకు రెండు టన్నుల లాగుడును భరించవలసి వస్తుంది. రాయి నొక్కుడుకు ఓర్చినట్లు లాగుడుకు ఓర్వదు. ఎటు చూచినా ధిక్కారమేమీ లేదు.

పాఠ్యపుస్తకంలో ఈ లెక్కకు చోటివ్వడం కష్టం కాదు. పై లెక్కలో అంచును బిందువుగా తీసుకోవడం వల్ల నేల ప్రతిచర్యా, ఘర్షణా తప్పుకొన్నవి. అక్కడ ఏ బందూ లేదు. స్తంభం పైకొన మధ్యను బిందువుగా తీసుకొన్నచో బరువూ, దూలపు నెట్టుడూ తప్పుకొని, నేల ప్రతిచర్య ఇచ్చే 600కు ఘర్షణ ఎదురు నిలుస్తుంది. దానిని 4తో భాగిస్తే మళ్ళీ 150.