కర్త లేని వాక్యం

తెలుగు వ్యాకరణం చదివిన విద్యార్థులందరికీ కర్త, కర్మ, క్రియ అనే మాటలు తెలుసు. పరీక్షలో మార్కులకు తప్ప వాటితో పనేముందని అడిగేవారి కోసం ఈ వ్యాసం. సంఘర్షణ ప్రాంతాల వార్తల్లో కర్తను నిలపడమా, దాచడమా అన్నది కేవలం శైలికి సంబంధించిన విషయం కాదని చూపడం మా ఉద్దేశం.

‘ఎదురుకాల్పుల్లో ఇరవైమంది మృతి’ అనే శీర్షికను నమూనాగా తీసుకుందాం. ఇందులో చంపినవారు లేరు. ‘చంపు’ అనే సకర్మక క్రియ ఉండవలసిన చోట ‘మృతి’ అనే నామవాచకం వచ్చి కూర్చుంది. ఇక ‘ఎదురుకాల్పులు’ అన్న సమాసం రెండు పక్షాలూ కాల్చుకున్నాయనే తీర్పును విచారణకు ముందే చెప్పేస్తున్నది.

2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో ఎర్రచందనం అక్రమ రవాణా నిరోధక దళం 20 మందిని కాల్చి చంపింది. వారు తిరువణ్ణామలై, ధర్మపురి తదితర జిల్లాల తమిళులు. గొడ్డళ్లతో, రాళ్లతో తమపై దాడి చేస్తే ఆత్మరక్షణకు కాల్చామని పోలీసులన్నారు. తమతో వచ్చినవారిని అంతకుముందే పోలీసులు బస్సులోంచి దించి తీసుకుపోయారని ప్రాణాలతో మిగిలినవారు జాతీయ మానవ హక్కుల కమిషన్ ముందు చెప్పారు. ఈ రెండు కథనాల్లో ఏది నిజమో తేలకముందే ‘ఎదురుకాల్పులు’ అని రాసిన విలేఖరి ఒక పక్షం వాక్యాన్ని తన వాక్యం చేసుకున్నట్టే. ‘స్మగ్లర్’ అన్న మాటా అటువంటిదే. కూలికి చెట్టు నరికేవాడూ, దుంగను ఓడ ఎక్కించి కోట్లు గడించేవాడూ ఆ ఒక్క మాటలో కలిసిపోతారు.

ఈ విషయంలో పత్రికల భాషకంటే జనం భాష నిజాయితీగా ఉన్నది. పత్రిక ‘ఎన్‌కౌంటర్ జరిగింది’ అంటుంది. జనం ‘వాణ్ణి ఎన్‌కౌంటర్ చేశారు’ అంటారు. ఒక ఇంగ్లీషు నామవాచకానికి ‘చేయు’ చేర్చి, కర్తనూ కర్మనూ తిరిగి తెచ్చుకున్నారు. పింగళి దశరథరాం తన పత్రికకు ‘ఎన్‌కౌంటర్’ అని పేరు పెట్టడంలోని వ్యంగ్యం తెలుగు పాఠకుడికి విడమరచి చెప్పనక్కర లేకపోయింది. ఆయన 1985లో విజయవాడలో హత్యకు గురయ్యాడు. ‘ఉదయం’ విలేఖరి గులాం రసూల్‌ను 1991లో హైదరాబాదు శివార్లలో పోలీసులు కాల్చి చంపారు. దానికి వారు పెట్టిన పేరు కూడా ఎన్‌కౌంటరే.

తెలుగులో కర్తతో కూడిన వాక్యాన్ని పట్టుదలగా రాసినవారిలో కె. బాలగోపాల్ (1952–2009) ముఖ్యుడు. గణితం బోధించిన మనిషి కనుక నిరూపణ లేని మాటను ఆయన వచనం మోయదు. ఎవరు, ఎవరిని, ఎక్కడ, ఏ అధికారంతో అన్న ప్రశ్నలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. రాజ్యం చేసిన హత్యకు అడిగిన ప్రశ్ననే నక్సలైట్లు చేసిన హత్యకూ అడిగాడు. కర్త మనకు ఇష్టుడైనంత మాత్రాన వాక్యం మారరాదన్నది ఆ రచనల నుంచి నేర్చుకోవలసిన పాఠం.

దీనికి పోలిక బర్మాలో దొరుకుతుంది. మన ఉత్తర కోస్తా పెద్దలు ‘రంగం’ అన్న రంగూన్ ఉన్న దేశమది. ఇన్‌డిన్ గ్రామంలో 2017 సెప్టెంబరులో 10 మంది రోహింగ్యాలను చంపి ఒకే గోతిలో పూడ్చారు. రాయిటర్స్ విలేఖరులు వా లోన్, క్యో సో ఊ దాన్ని వెలికి తీశారు. కనీసం ఇద్దరిని బౌద్ధ గ్రామస్థులు నరికారని, మిగిలినవారిని సైనికులు కాల్చారని, గొయ్యి తవ్వినవారి మాట ఆధారంగా ఆ కథనం చెప్పింది. ప్రతి క్రియకూ కర్త ఉన్నది. దానికి వారు ఐదువందల రోజులకు పైగా జైల్లో గడిపారు. 2019లో పులిట్జర్ బహుమతి వచ్చింది.

అయితే ఆ బహుమతి పొందిన పాఠం ఇంగ్లీషు. బర్మీ భాషలో రాసి మూల్యం చెల్లించినవారు వేరే ఉన్నారు. సంపాదకుడు విన్ టిన్ 19 ఏళ్లు ఖైదులో ఉన్నాడు. 2001లో యునెస్కో పత్రికా స్వేచ్ఛా పురస్కారం ప్రకటించినప్పుడూ జైల్లోనే ఉన్నాడు. ‘మిజ్జిమా’ వార్తాసంస్థను ప్రవాసులు 1998లో మన ఢిల్లీలోనే స్థాపించారు. 2021 సైనిక కుట్ర తరువాత లైసెన్సు రద్దయిన సంస్థల్లో అదీ ఒకటి. స్వదేశంలో పలకలేని వాక్యాన్ని భాష పొరుగుదేశంలో నిలబడి పలికింది.

మన నిజనిర్ధారణ సాహిత్యంలో ఒక లోపాన్ని కూడా చెప్పుకోవాలి. కర్తను పట్టుకునే తొందరలో అది తరచు బాధితుల గొంతును పుస్తక భాషలోకి మార్చేస్తుంది. 2007లో వాకపల్లిలో పోలీసులు తమపై అత్యాచారం చేశారని చెప్పిన 11 మంది కోందు స్త్రీల ఇంటిభాష తెలుగు కాదు. 2023లో కోర్టు నిందితులను విడుదల చేస్తూనే ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వాలన్నది. వారి మాట మనకు చేరింది అనువాదంగానే.

ఇక్కడే కెలమంగలం, హోసూరు, డెంకణికోట విద్యార్థుల పాత్ర వస్తుంది. 1992లో వాచాత్తి అకృత్యం జరిగినప్పుడు మీ ఊళ్లూ ఆ ఊరూ ఒకే ధర్మపురి జిల్లాలో ఉండేవి. 2011లో కోర్టు శిక్షించిన 215 మందీ ప్రభుత్వోద్యోగులే. 2023లో మద్రాసు హైకోర్టు ఆ శిక్షలను ఖాయపరిచింది. ఆ వార్తను తమిళంలో చదవగలవారు, శేషాచలం వార్తను తెలుగులో చదవగలవారు మీరు. చనిపోయినవారి భాషా, చంపినవారి ప్రకటన వెలువడిన భాషా రెండూ మీకు వచ్చు. తెలుగునాట కూర్చున్న పాఠకుడికి ఈ వీలు లేదు. ఒకే సంఘటన మీద రెండు భాషల పత్రికలను పక్కపక్కన పెట్టి, ఏ వాక్యంలో కర్త ఉన్నాడో, ఏ వాక్యంలో మాయమయ్యాడో గీత గీసి చూడండి. తెలుగు విమర్శకు మీరు చేయగల సేవ అక్కడ మొదలవుతుందని మా నమ్మకం.