సమష్టి సృజన - కర్తృత్వ సమస్య: టాకింగ్ హెడ్స్ బృందం

సంగీత బృందాల విచ్ఛిన్నతను సాధారణంగా సభ్యుల వ్యక్తిగత విభేదాలతో ముడిపెట్టి వివరిస్తుంటారు. అమెరికన్ న్యూ వేవ్ బృందం టాకింగ్ హెడ్స్ విషయంలో ఆ వివరణ చాలదు. ఆ బృందాన్ని శిఖరానికి చేర్చిన సృజన పద్ధతే దాని కర్తృత్వ వివాదానికీ బీజమైంది.

రోడ్ ఐలండ్ స్కూల్ ఆఫ్ డిజైన్‌లో చదివిన డేవిడ్ బర్న్, క్రిస్ ఫ్రాంజ్, టీనా వేమౌత్ 1975లో న్యూయార్క్ సీబీజీబీ క్లబ్‌లో ప్రదర్శనలు ప్రారంభించారు. 1977లో జెర్రీ హారిసన్ చేరాడు. పంక్ సంగీతంలోని ఉద్రేకం స్థానంలో వీరు పొదుపైన వాద్యరచనను, ఆందోళన ధ్వనించే గాత్రాన్ని, నగర జీవితపు మామూలు విషయాలను ప్రవేశపెట్టారు. తొలి ఆల్బమ్‌లలో ఎక్కువ పాటలు బర్న్ రాసినవే కనుక కర్త ఎవరన్న ప్రశ్న తలెత్తలేదు.

1980లో వెలువడిన 'రిమైన్ ఇన్ లైట్'తో ఈ స్థితి మారింది. నైజీరియా సంగీతకారుడు ఫెలా కుటి ప్రభావంతో, నిర్మాత బ్రయాన్ ఈనో సహకారంతో, సభ్యులు కలిసి వాయించిన లయఖండాలను ఆవృత్తం చేస్తూ పొరలుగా పేర్చారు. బర్న్ సాహిత్యం ఆ తరువాత చేరింది. అంటే ఇక్కడ లయ పాటకు తోడు కాదు, పునాది. అయితే పాటల రంగంలోని వాణిజ్య సంప్రదాయం సాహిత్యానికీ బాణీకీ కర్తృత్వమిచ్చి, లయను వాద్యసహకారంగా పరిగణిస్తుంది. తొలి ముద్రణలో బర్న్, ఈనోల పేర్లు విడిగా కనిపించగా, తక్కిన ముగ్గురూ బృందం పేరులో ఒదిగిపోయారు. ఇది వారిని నొప్పించింది. విడివిడి లయఖండాలకు ఏకత్వాన్ని ఇచ్చింది బర్న్ సాహిత్యమే అన్నది నిజమే. కానీ ఆ సాహిత్యానికి ఆధారమైన నిర్మాణం అందరిదీ.

జొనాథన్ డెమీ చిత్రం 'స్టాప్ మేకింగ్ సెన్స్' (1984) ఈ వైరుధ్యాన్ని దృశ్యంగా నిలిపింది. ఆరంభంలో వేదికపై గిటార్‌తో, టేప్ రికార్డర్‌తో బర్న్ ఒక్కడే ఉంటాడు. తరువాత వేమౌత్, ఫ్రాంజ్, హారిసన్ ఒక్కొక్కరుగా వచ్చి చేరతారు. ఈ క్రమాన్ని సమష్టి ఆవిర్భావంగానూ చదవవచ్చు, ఒక వ్యక్తి చుట్టూ బృందం సమకూరడంగానూ చదవవచ్చు. చిత్రం రెండు పఠనాలకూ చోటిస్తుంది.

ఆ తరువాత బృందం ఆల్బమ్‌లు చేసిందే గాని సంగీత పర్యటనలు చేయలేదు. 1991లో విచ్ఛిన్నత బహిరంగమైంది. 1996లో తక్కిన ముగ్గురు 'ది హెడ్స్' పేరుతో ఆల్బమ్ వెలువరించినప్పుడు ఆ పేరు విషయమై బర్న్ న్యాయపోరాటానికి దిగాడు. చివరికి అది రాజీతో ముగిసింది.

ఉమ్మడి పేరు ఎవరికి చెందుతుందన్న ప్రశ్న తెలుగు సాహిత్య చరిత్రకూ పరిచితమే. తిరుపతి వేంకట కవులలో దివాకర్ల తిరుపతిశాస్త్రి 1920లో మరణించిన తరువాత కూడా చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి జంటపేరుతోనే రచనలు ప్రకటించారు. అక్కడ పేరు స్నేహధర్మానికి చిహ్నమైంది. టాకింగ్ హెడ్స్ విషయంలో అది ఆస్తిగా మారింది. సమష్టి కళలను అధ్యయనం చేసేవారు రచన ఎవరిదని అడగడంతో ఆగక, ఏ పనిని 'రచన'గా లెక్కించారో కూడా విచారించవలసి ఉంటుంది.